బ్రెయిన్ మ్యాపింగ్ రిపోర్టుతో శిక్ష వేయొచ్చా?

వేయకూడదు. అసలు నిందితుడు ఒప్పుకోకుండా ఆ పరీక్షే చేయకూడదు.

పరీక్షలో తలకు ఎలక్ట్రోడ్లున్న టోపీ తొడిగి, కళ్లు మూసుకుని కూర్చోమంటారు. ‘నేను విషం కొన్నాను’ లాంటి వాక్యాలు ఒక్కొక్కటే వినిపిస్తారు. నోరు విప్పక్కర్లేదు. ఆ పని నిజంగా చేసినవాళ్ల మెదడు సంకేతాలు, ఊరికే విన్నవాళ్ల సంకేతాల కంటే వేరుగా ఉంటాయని దీన్ని సమర్థించేవాళ్లు అంటారు. 2008లో పుణె కోర్టు ఒక హత్య కేసులో ఇలాంటి రిపోర్టును కూడా లెక్కలోకి తీసుకుని యావజ్జీవ శిక్ష వేసింది. విదేశాల్లోని న్యూరోసైంటిస్టులు కూడా గట్టిగా అభ్యంతరం చెప్పారు.

నా భయం ఇదీ. ఒకే ఆరోపణ పదేపదే వింటూ, ఆ టెన్షన్‌లో రాత్రీపగలూ దాని గురించే ఆలోచిస్తే, చేయని పని కూడా కళ్లముందు కదలాడుతుంది. అనుభవాన్నీ ఊహనూ యంత్రం కచ్చితంగా విడదీస్తుందని నమ్మి ఒకరిని జైల్లో పెట్టడం అన్యాయం.

2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: బలవంతంగా నార్కో (మత్తుమందు ఇచ్చి ప్రశ్నించడం), పాలీగ్రాఫ్ (లై డిటెక్టర్), బ్రెయిన్ మ్యాపింగ్ చేయడం రాజ్యాంగంలోని 20(3) అధికరణకు విరుద్ధం. నిందితుడిని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదని ఆ అధికరణ చెబుతుంది. ఇష్టపడి చేయించుకున్నా రిపోర్టు దానికదే సాక్ష్యం కాదు. దాని ఆధారంగా వెళ్లి, ఏ బావిలోనో కత్తి దొరికితే మాత్రం ఆ కత్తిని కోర్టు పరిగణించవచ్చు.

అమెరికాలో మెదడు శాస్త్రం ఇంకోలా పనికొచ్చింది. టీనేజర్ల మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుందన్న పరిశోధనలను కూడా ప్రస్తావిస్తూ, 18 ఏళ్లలోపు వాళ్లకు పెరోల్ (షరతులతో ముందే విడుదల) లేని జీవితఖైదును తప్పనిసరి చేసే చట్టాలను 2012లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది.