దాళ్వా గడ్డి కట్టించే ముందు

చిరంజీవి చిన్నాకి అత్తయ్య దీవెనలు.

గడ్డి కట్టే మిషన్ కొన్నావని, ఈ దాళ్వా (రెండో పంట వరి) కోతలకే చేలోకి దింపుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. హైదరాబాదులో ఉద్యోగం మానేసి వచ్చావని ఊళ్లో తలో మాటా అంటున్నారు. నేను అనను. కోత మిషన్లు వచ్చాక గడ్డంతా చేలోనే పడిపోతోంది, ఎత్తే కూలీలు దొరక్క చాలామంది నిప్పు పెట్టేస్తున్నారు. వేసవి వచ్చిందంటే మెట్ట ఊళ్ల వాళ్లు ఆ గడ్డి కోసమే వెతుక్కుంటారు. నువ్వు చేసేది మంచి పని, నాకు గర్వంగానే ఉంది. కానీ విన్న దగ్గర్నుంచి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. చివరిదాకా చదువు.

కోశాక గడ్డిని రెండు మూడు రోజులు ఎండనివ్వు. గుప్పెడు తీసి మెలిపెడితే పుటుక్కున తెగాలి. సాగుతోందంటే ఇంకా పచ్చి ఉన్నట్టే. పొద్దున మంచు ఆరాకే మొదలుపెట్టు. తడి మీద కడితే కట్ట లోపల వేడెక్కి బూజు పడుతుంది, గేదె వాసన చూసి మొహం తిప్పేస్తుంది. తాడు జనపనారదే వాడు. చవకని ప్లాస్టిక్ తాడు కొనకు, పశువు కడుపులోకి పోతే డాక్టరు కోసి తియ్యాల్సి వస్తుంది.

లుంగీతో, మెడలో తువ్వాలుతో మిషన్ దగ్గరికి వెళ్లావని తెలిస్తే ఊరుకోను. తిరిగే షాఫ్టుకి గుడ్డ అంచు తగిలితే చాలు, మనిషిని లాగేస్తుంది. గడ్డి ఇరుక్కుంటే ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, అప్పుడు చెయ్యి పెట్టు. చెవికి ఫోను ఆనించుకుని పని చేసే అలవాటు నీకుంది, నేను చూశాను. మానెయ్.

నా అసలు భయం నిప్పు.

మీ మామయ్య సంగతి నీకు పూర్తిగా ఎవరూ చెప్పి ఉండరు. అప్పటికి నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు. ఆ ఏడు దాళ్వా గడ్డి ఆఖరి రోజు మబ్బు పట్టింది. తడిసిపోతుందన్న టెన్షన్లో రెండు లోడ్ల గడ్డి ట్రాక్టరు వెనక తగిలించే ఒకే ట్రక్కులో ఎక్కించేశారు. చెరువు గట్టు మీదుగా వస్తే తీగలు లేవు, కానీ చుట్టు దారి. మీ మామయ్య వీధిలోకి తిప్పారు. రామాలయం దగ్గర కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నాయి. లోడు మీద కూర్చున్న కుర్రాడు వెదురు గెడతో ఒక తీగని పైకెత్తాడు. అప్పట్లో అందరూ అలాగే చేసేవారు. అది పక్క తీగకి తగిలి, రవ్వలు గడ్డి మీద రాలాయి. కుర్రాడు దూకేశాడు, కాలు విరిగినా బతికాడు. మీ మామయ్య ట్రక్కు తగిలించిన పిన్ను లాగేసి ట్రాక్టరు ముందుకు తీసుకుపోయారు. ట్రాక్టరు దక్కింది. మండుతున్న ట్రక్కు మాత్రం పక్కింటి గడ్డిమేటు ఎదురుగా ఆగిపోయింది. మేటు అంటుకుంది, మేటు పక్కన పాక, పాకలో చూడి గేదె. పలుపు కోసేలోపే కప్పు కూలింది.

కాలువలు కట్టేసిన రోజులవి. ధవళేశ్వరం నుంచి నీళ్లు ఆపేశాక మన కాలువ అడుగు కనపడుతుంది కదా. జనం బిందెలతో పరిగెత్తారు, ముంచడానికి నీళ్లేవి? భీమవరం నుంచి ఫైరింజను వచ్చేసరికి మేటూ లేదు, పాకా లేదు. ఆ గేదె పాలు అమ్ముకుని బతికే ఒంటరి ఆడమనిషిది. మీ మామయ్య మన గేదెని తోలుకెళ్లి ఆవిడకి ఇచ్చారు. తను పోయేదాకా ప్రతి దాళ్వాకీ మొదటి గడ్డి ఆవిడ మేటుకే వేయించారు. ఆ మాట ఎప్పుడూ ఎత్తేవారు కాదు గానీ, వేసవి రాత్రుళ్లు లేచి మన మేటు చుట్టూ తిరిగొచ్చేవారు. వాన పడితే పోయేది ఒక లోడు గడ్డి, అంతే కదరా!

కట్టలు చక్కగా అమరుతున్నాయి కదా అని పైన ఇంకో వరస ఎక్కించకు. మొదటి లోడుకి ముందే ఖాళీ ట్రాక్టరుతో దారంతా చూసుకో. తీగ వేలాడుతుంటే లైన్‌మన్‌కి చెప్పి బిగించేదాకా అటు పోకు. కర్రతో తీగ ఎత్తడానికి మనిషిని లోడు మీద కూర్చోబెట్టకు, ఎవరెంత ధైర్యం చెప్పినా సరే. చేలో 200 లీటర్ల నీళ్ల డ్రమ్ము, బకెట్లు, తడి గోనెసంచులు ఉండాలి. సైలెన్సర్ చుట్టూ, బేరింగుల దగ్గర పొట్టు పేరుకుంటుంది, ఎప్పటికప్పుడు ఇంజను ఆపి దులుపు. పక్క చేను వాళ్లు కొయ్యకాళ్లు కాలుస్తారేమో ముందే అడుగు. ఏదైనా జరిగితే ముందు 101కి ఫోన్ చెయ్, ఆ తర్వాతే మాకు.

పాతకాలం మేటు మీద వాన జారిపోయేది. ఈ గుండ్రటి కట్టల సందుల్లోకి నీళ్లు దిగిపోతాయి. తాటి మొద్దుల మీద పేర్చి, మృగశిర కార్తె రాకముందే టార్పాలిన్ కప్పు. ఇంటికి, పశువులకు దూరంగా. ఎండుగడ్డిలో బలం లేదని కొనేవాళ్లు అంటే, 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచమను. ఆరు నెలల్లోపు దూడలకి అది పెట్టకూడదని కూడా చెప్పు.

నాకూ ఓ యాభై కట్టలు కావాలి. ఊరికే ఇస్తే తీసుకోను, అందరికీ ఎంతో నాకూ అంతే. చెరువు గట్టు మీదుగానే రా. ముందురోజు ఫోన్ చేస్తే నీకూ, నీతో వచ్చే కుర్రాళ్లకీ అన్నం వండి ఉంచుతాను.

ఇట్లు,
అత్తయ్య