ఫ్యాన్ తిరిగింది కదా అని పవర్ సప్లైని నమ్మేయకండి

బటన్ నొక్కితే ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోతోంది, మదర్‌బోర్డు మీద లైటు మాత్రం వెలుగుతోంది, పోయింది బోర్డా పవర్ సప్లైయా అని అడిగారు. నా పాత డెస్క్‌టాప్ కూడా సరిగ్గా ఇలాగే చేసింది, వారం రోజులు టెన్షన్ పడ్డాను. బోర్డు మార్చే ఆలోచన ఇప్పుడే పెట్టుకోకండి.

ఆ లైటు వెలగడానికి ఊదారంగు వైరులో వచ్చే 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు చాలు, కంప్యూటర్ ఆపేసి ఉన్నా అది వస్తూనే ఉంటుంది. అసలు బరువు మోసే 12 వోల్టుల సంగతి దాన్నిబట్టి తెలియదు.

ముందు హార్డ్ డిస్కు, డీవీడీ డ్రైవ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే అదీ తీసేసి చూడండి. వాటిలో ఏదో ఒకటి షార్ట్ అయినా ఇలాగే ఆగిపోతుంది.

తర్వాత అందరూ చెప్పేది పేపర్ క్లిప్ పరీక్ష: ప్లగ్ తీసి, పెద్ద కనెక్టర్‌ని బోర్డు నుంచి ఊడదీసి, ఆకుపచ్చ వైరు పిన్నునీ ఏదైనా నల్ల వైరు పిన్నునీ క్లిప్‌తో కలిపి, అప్పుడు ప్లగ్ పెట్టడం. నేను పొరపడింది ఇక్కడే. ఫ్యాన్ చక్కగా తిరిగేసరికి సప్లై బాగుందనుకుని ర్యామ్ మార్చాను, బోర్డు బ్యాటరీ మార్చాను, ఏం లాభం లేదు. లోడ్, అంటే కరెంటు లాగే భాగాలు, లేనప్పుడు చచ్చిపోబోయే సప్లై కూడా ఫ్యాన్ తిప్పగలదు.

చివరికి వోల్టులు కొలిచే మల్టీమీటరే దొరకబుచ్చుకుంది. కనెక్టర్ బోర్డుకే ఉంచి, మీటరు నల్ల ప్రోబ్ (కొలిచే సూది) నల్ల వైరు మీద, ఎర్ర ప్రోబ్ కనెక్టర్ వెనకవైపు నుంచి 12 వోల్టుల పసుపు వైరు పక్కన దూర్చి బటన్ నొక్కాను. లోడ్ లేనప్పుడు 12.1 చూపించిన వైరు ఒక్క క్షణం 10 దగ్గర కనబడి సున్నాకి పడిపోయింది. పసుపు 11.4 నుంచి 12.6, ఎరుపు 4.75 నుంచి 5.25, నారింజ 3.14 నుంచి 3.47 మధ్య ఉండాలి. ఆ తర్వాత గాలి రంధ్రాల్లోంచి టార్చి వేసి చూస్తే రెండు కెపాసిటర్ల (కరెంటు నిల్వ ఉంచే చిన్న గొట్టాల్లాంటి భాగాలు) నెత్తిన ఉబ్బు, ఒకదాని మొదట్లో ఎండిన గోధుమరంగు పెచ్చు. అంటే పోయింది సప్లైయే.

టార్చితో చూడటంతోనే ఆగండి, సప్లై డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైనే నిలిచి ఉండొచ్చు.

కొత్తది కొనేముందు పాతదాని ఫోటో తీసుకోండి. పాత బోర్డుకి 20 పిన్లు ఉంటే 20+4గా విడదీయగలిగేది సరిపోతుంది. బోర్డు మీద ప్రాసెసర్ కోసం 4 పిన్ల కనెక్టర్ అసలు లేదంటే అది బహుశా 5 వోల్టుల నుంచే ప్రాసెసర్‌కి కరెంటు లాగే రకం, అప్పుడు కొత్త సప్లై స్టిక్కర్ మీద 5 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నాయో పాతదానితో పోల్చాలి, మొత్తం వాట్లు చూస్తే చాలదు. కొన్ని పాత బ్రాండెడ్ మెషిన్లలో కనెక్టర్ ఒకేలా ఉంటుంది కానీ వైర్ల వరుస వేరు. రంగులు ఒక్కొక్కటిగా సరిచూసుకోకుండా గుచ్చితే బోర్డు కాలిపోతుంది, ఇది తేలిగ్గా తీసుకోకండి. వెనక 115/230 స్విచ్ ఉన్న రకమైతే అది 230 వైపు ఉందో లేదో కూడా చూసుకోండి.

బటన్ నొక్కిన క్షణంలో మీ పసుపు వైరు ఎంత చూపించిందో ఇక్కడ రాయండి, తర్వాత ఏం చేయాలో చూద్దాం.