గాలిలో ఉన్నది పుప్పొడా, తెగులు బీజమా అని ఎలా తెలుస్తుంది?

గాలిలోని రేణువులను జిగురు పూసిన గాజు పలక మీద పట్టి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద ఆకారం, పరిమాణం, పైపొర చూసి గుర్తుపడతారు. పుప్పొడి పైపొర చాలా గట్టిది, తేలిగ్గా పాడవదు. దాని మీది గీతలు, రంధ్రాలు ఒక్కో మొక్కల కుటుంబానికి ఒక్కోలా ఉంటాయి.

కోనసీమలో పూతకొచ్చిన వరిచేను పక్కన పలక పెట్టారనుకోండి. గుండ్రంగా, ఒకే రంధ్రంతో ఉన్నది గడ్డిజాతి పుప్పొడి. వరిదా, గట్టు మీది గడ్డిదా అన్నది చూపుతో తేల్చడం కష్టం, డీఎన్‌ఏ పరీక్ష కావాలి. బేరిపండులా ఒక కొస సన్నబడి, రెండు అడ్డుగోడలతో మూడు గదులుగా, సుమారు 20 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడవుంటే అది వరికి వచ్చే అగ్గితెగులు శిలీంధ్రబీజం, అంటే ఆ తెగులు తెచ్చే బూజు గాలిలోకి వదిలే రేణువు. రైతుకు ముందుగా తెలియాల్సింది ఇదే.

వేసవిలో ఎగిరే బూరుగుదూదే పుప్పొడి అని చాలామంది పొరబడతారు. అది కాయలోని నార. పుప్పొడి రేణువు విడిగా మామూలు కంటికి ఆనదు.