మన ఊరి సాఫ్ట్‌వేర్ కొట్టు: అడగండి, చెబుతాను

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో కోడ్ గురించి దాదాపు ఏమీ లేవు, అన్నీ డబ్బు, మనుషులు, కాగితాల గురించే. విజయనగరంలో మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో రోజంతా నడిచే మాటలు కూడా అవే కాబట్టి నాకేం ఆశ్చర్యంగా లేదు. మొదటి ప్రశ్నకి ఎక్కువ చోటు తీసుకున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: అక్కా, నలుగురం కలిసి కాశీబుగ్గలో చిన్న కంపెనీ పెట్టాం. ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి స్టాకు, కూలి లెక్కలు, బిల్లింగ్ కలిపి ఒక అప్లికేషన్ చేసిచ్చాం. పని బాగుందనే అంటారు, రోజూ వాడుతున్నారు, మిగిలిన రెండు లక్షలు అడిగితే మాత్రం "పండగెళ్లాక చూద్దాం" అంటారు. ఏ పండగో చెప్పరు. ఆయన మా నాన్నకి బాగా తెలిసిన మనిషి, గట్టిగా అడగలేం. సర్వర్ ఆపేస్తే దారికొస్తారని మావాడొకడు అంటున్నాడు. ఏం చేయమంటారు?
- పేరు వద్దన్నారు, కాశీబుగ్గ

జవాబు: సర్వర్ జోలికి వెళ్లొద్దు తమ్ముడూ. అందులో ఉన్నది ఆయన స్టాకు, ఆయన కూలీల లెక్కలు. ఆయన ఒప్పుకోకుండా ఆయన సిస్టమ్‌ని పనిచేయకుండా చేస్తే ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్ కింద నష్టపరిహారం, 66వ సెక్షన్ కింద కేసు మీ మెడకే చుట్టుకోవచ్చు. బాకీ ఆయనది, ముద్దాయి మీరు! కేసు దాకా వెళ్లకపోయినా, సాయంత్రానికల్లా పలాసలో ప్రతి జీడి వ్యాపారికీ "ఆ కుర్రాళ్లు నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఆపేస్తారట" అని తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆ ఊళ్లో మీకు పని దొరకదు.

ఇప్పుడు ఆయన వైపు నుంచి చూడండి. మీరు అడగడం మొదలుపెట్టింది ఏప్రిల్‌లో అని రాశారు. ఉద్దానంలో పిక్క, అంటే పొట్టు తీయని జీడిగింజ, దిగే కాలం అది. 80 కిలోల బస్తా లెక్కన పిక్క కొని గోదాం నింపుకోవడానికి చేతిలో ఉన్న డబ్బూ, బ్యాంకు ఇచ్చిన డబ్బూ కూడా అందులోకే పోతాయి. పప్పుకి గిరాకీ వచ్చేది దసరా, దీపావళి ముందు. కాబట్టి ఆయనన్న పండగ నిజంగానే దసరా అయ్యుండొచ్చు, ఎగ్గొట్టడానికే అన్నారని అప్పుడే అనుకోవద్దు. ఇంకోమాట, గుండు (విరగని పప్పు) ఎంత ఉంది, బద్ద ఎంత ఉంది, 240 అనే సైజు రకం ఎన్ని డబ్బాలు కదిలాయి అన్నీ మీకు కంప్యూటర్‌లో కనిపిస్తూనే ఉంటాయి కదా, "ఇంత సరుకు అమ్మారు కదండీ" అని మాత్రం నోరు జారకండి. లెక్కలు చూసే మనిషి ఆ లెక్కలతోనే ఎదురు మాట్లాడితే ఎవరూ సహించరు, సహించకూడదు కూడా.

మరి ఎలా అడగాలి? "ఎప్పుడిస్తారు" అనొద్దు. ఆ ప్రశ్నకి "చూద్దాం" అనే జవాబే వస్తుంది. మీరే మూడు విడతలు రాసి పట్టుకెళ్లండి, ఇప్పుడు పాతిక వేలు, ఆగస్టు చివర్లో ఇంత, దీపావళి వారంలో మిగతాది, "ఇందులో ఏ తేదీ మీకు ఇబ్బంది?" అని అడగండి. ఒప్పుకున్నాక అదే సంగతి ఆయన మెయిల్‌కి, అది చూడరంటే వాట్సాప్‌కి పంపండి, ఆయన "సరే" అని కొట్టినా చాలు. ఆ "సరే" అనే మెసేజ్ ఫోన్‌లోనే వదిలేయకుండా ఎక్కడైనా దాచుకోండి. నాన్నగారిని మధ్యలోకి తేవొద్దు, ఆయన వెళితే కాఫీ తాగి వస్తారు.

చట్టం కూడా మీ చేతిలో ఉండాలి. ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించారా? 2020 జూలై 1 నుంచి ఉంది, ఆన్‌లైన్‌లో ఆధార్, పాన్‌తో అయిపోతుంది, పైసా ఖర్చు లేదు (వెయ్యి రూపాయలు అడిగే వెబ్‌సైట్లు ఉన్నాయి, అవి ప్రభుత్వానివి కావు). 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న గడువులోపు, ఆ గడువు ఎంత పెట్టుకున్నా 45 రోజులు దాటకుండా, ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో చిన్న సంస్థకి డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదుకి 2017 నుంచి సమాధాన్ పోర్టల్ ఉంది, అక్కడి నుంచి ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే కౌన్సిల్ ముందుకి వెళుతుంది, ముందు రాజీ, కుదరకపోతే మధ్యవర్తిత్వం. కానీ ఉద్యం అనేది పని మొదలుపెట్టకముందే ఉండాలి, బిల్లు చిక్కుకున్నాక తీసుకుంటే పాత బాకీకి వర్తిస్తుందా లేదా అని పేచీ వస్తుంది.

నిజానికి వడ్డీ మాట కంటే బాగా పనిచేసేది ఇంకొకటి ఉంది. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపన్ను నిబంధన ప్రకారం, ఇలాంటి చిన్న సంస్థలకి గడువులోపు ఇవ్వకుండా ఏడాది చివరికి బాకీ పెట్టిన మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదు, ఎప్పుడు చెల్లిస్తే ఆ ఏడాదిలోనే చూపించుకోవాలి. ఈ ముక్క ఆయనతో చెప్పకండి, బెదిరిస్తున్నారనుకుంటారు. మీ ఉద్యం నంబరు బిల్లు మీద పెద్ద అక్షరాలతో వేసి, ఒక కాపీ వాళ్ల ఆడిటర్ ఆఫీసుకి పంపండి. మార్చిలో ఆ ఆడిటరే మీ తరఫున అడుగుతారు.

వచ్చే పని నుంచి మాత్రం 40 శాతం చేతిలో పడకుండా ల్యాప్‌టాప్ తెరవొద్దు, ఆఖరి విడత కింద పది శాతానికి మించి ఉంచొద్దు. లేదా మొత్తం ఒకేసారి కాకుండా నెలకింత అని చందా పద్ధతి పెట్టండి, చందా రాకపోతే ఇన్ని రోజుల నోటీసు ఇచ్చి సేవ ఆపుతాం, మీ డేటా మీకు అప్పగిస్తాం అని ఒప్పందంలోనే రాయండి. అప్పుడు ఆపడం మీ హక్కు అవుతుంది. మీవాడికి ఆ తేడా చెప్పండి.

ప్రశ్న: మేడమ్, ఒక అమ్మాయిని కాలేజీ నుంచి రాగానే తీసుకుని ఆరు నెలలు కూర్చోబెట్టి పని నేర్పించాం. ఇప్పుడు హైదరాబాద్‌లో రెట్టింపు జీతం వచ్చిందని వెళ్లిపోతోంది. ఇకమీదట ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుందామా, బాండ్ రాయించుకుందామా?
- ఒక యజమాని, శ్రీకాకుళం

జవాబు: సర్టిఫికెట్లు వద్దు. అవి ఆ పిల్లల సొత్తు, మీ బీరువాలో ఎలుక కొట్టినా జవాబు చెప్పాల్సింది మీరు. పైగా ఎచ్చెర్ల, రాజాం, టెక్కలి కాలేజీల పిల్లలంతా ఒకరికొకరు తెలుసు, మీ పేరు ఒక్కసారి చెడితే ఇంటర్వ్యూకి కూడా ఎవరూ రారు.

బాండ్ రాయించుకోవచ్చు, కానీ దాని బలం మీరనుకున్నంత ఉండదు. మానేశాక వేరే చోట చేరకూడదు అని రాస్తే కాంట్రాక్టు చట్టం 1872లో 27వ సెక్షన్ ముందు అది నిలబడదు. మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి అనే షరతు వేరు. 2025లో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు పెట్టిన ఇలాంటి 2 లక్షల షరతును సమర్థించింది, కానీ ఆ బ్యాంకుకి మళ్లీ నోటిఫికేషన్ వేసి, పోటీ పెట్టి మనిషిని తీసుకునే ఖర్చుంది. మీరు మాత్రం నేర్పించడానికి నిజంగా ఎంత ఖర్చయిందో చూపించుకోవాలి, పక్క కుర్చీలో కూర్చోబెట్టి చెప్పిన దానికి రసీదు ఎక్కడుంటుంది? లక్షకి దావా వేసి మూడేళ్లు కోర్టు చుట్టూ తిరిగే తీరిక మీకుంటే సంతోషం.

నా మాట వింటే, వెళ్లేవాళ్లని నవ్వుతూ పంపండి, వెళ్లకముందు మాత్రం నెల రోజులు దగ్గరుండి పని అప్పగింపు చేయించుకోండి. పాస్‌వర్డులు ఒక్కరి తలకాయలో ఉండకూడదు. ఎవరి కోడ్ అయినా ఇంకొకరు చూడకుండా క్లయింటుకి వెళ్లకూడదు. కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు ఊళ్లో ఉండడానికి సొంత కారణం ఉన్నవాళ్లని చూడండి. పిల్లల కోసం బెంగళూరులో ఉద్యోగం వదిలేసి వచ్చిన అమ్మాయిలు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో, వాళ్లని పట్టించుకునేవాళ్లే లేరు. బడి వేళలకి తగ్గట్టు పని ఇవ్వండి, ఇరవై రెండేళ్ల కుర్రాడు రోజంతా చేసేది వాళ్లు మధ్యాహ్నానికి చేస్తారు.

ప్రశ్న: మా క్లయింటు సోర్స్ కోడ్ మొత్తం ఇమ్మంటున్నారు, డబ్బులిచ్చాం కాబట్టి మాదే అంటున్నారు. అందులో కొంత ఒక ఫ్రీలాన్సర్‌తో రాయించాం. కోడ్ ఎవరిది?
- ఇద్దరు భాగస్వాములు, రాజాం

జవాబు: డబ్బులిచ్చినంత మాత్రాన వాళ్లది అయిపోదు, అలాగని మీది అని కూడా అప్పుడే మురిసిపోకండి. కాపీరైట్ చట్టం 1957లో కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచన కిందే లెక్క. జీతం తీసుకునే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు కంపెనీది. ఫ్రీలాన్సర్ రాస్తే హక్కు ఆయనది, మీకు రాసిచ్చి సంతకం పెడితేనే మీకు వస్తుంది. ఆ రాతలో కూడా ఎన్నేళ్లకో చెప్పకపోతే 5 ఏళ్లకేనని, ఎక్కడికో చెప్పకపోతే భారతదేశం వరకేనని చట్టం అనుకుంటుంది. కాబట్టి ముందు ఆ ఫ్రీలాన్సర్ దగ్గరికి వెళ్లి "శాశ్వతంగా, ప్రపంచమంతటికీ" అనే మాటలతో కాగితం రాయించుకోండి. మీది కానిది మీరు క్లయింటుకి ఇవ్వలేరు.

క్లయింటు భయం మాత్రం న్యాయమైనదే. రేపు మీరిద్దరూ విడిపోయి ఒకరు వైజాగ్, ఒకరు పుణె వెళ్లిపోతే వాళ్ల గతేంటి? వాళ్ల కోసమే రాసిన భాగం వాళ్లకి ఇచ్చేయండి, అన్ని ప్రాజెక్టుల్లో వాడుకునే మీ సొంత లైబ్రరీకి (ముందే రాసి పెట్టుకున్న కోడ్‌కి) వాడుకునే అనుమతి మాత్రం ఇవ్వండి. డొమైన్ పేరు, హోస్టింగ్ ఖాతా మొదటి రోజు నుంచి క్లయింటు పేరు మీదే ఉంచండి. అవి మీ పేరు మీద పెట్టుకుని పట్టు చూపించుకునే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది, నాకు నచ్చదు.

ప్రశ్న: సింగపూర్ క్లయింటు దొరికారు. బిల్లులో 18 శాతం జీఎస్టీ వేయాలా?
- విజయనగరం నుంచి

జవాబు: అక్కర్లేదు. మీరు ఇక్కడి నుంచి పనిచేసి, క్లయింటు బయట దేశంలో ఉండి, డబ్బు విదేశీ కరెన్సీలో బ్యాంకు ద్వారా వస్తే అది ఎగుమతి, దానికి జీఎస్టీ సున్నా రేటు. ఏడాదికి అన్నీ కలిపి 20 లక్షలు దాటకపోతే రిజిస్ట్రేషనే తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ ఉంటే మాత్రం ప్రతి ఆర్థిక సంవత్సరం మొదట్లో పోర్టల్‌లో ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీపత్రం) పెట్టండి, ఏప్రిల్‌లో మర్చిపోయేది అదే. డబ్బు వచ్చినప్పుడల్లా బ్యాంకు ఇచ్చే కాగితం ఫైల్లో పెట్టుకోండి.

ప్రశ్న: బ్యాకప్ రోజూ ఆఫీసులోనే హార్డ్ డిస్క్‌లో తీస్తున్నాం, సరిపోతుందా?
- సోంపేట

జవాబు: సోంపేటలో ఉండి ఈ ప్రశ్నా! 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మీ మీద నుంచే వెళ్లింది, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మా వైపు ఊడ్చేసింది. కరెంటు రోజుల తరబడి లేదు. కంప్యూటరూ హార్డ్ డిస్కూ ఒకే గదిలో ఉంటే రెండూ కలిసే తడుస్తాయి. ఒక కాపీ ముంబయిలోనో హైదరాబాద్‌లోనో ఉండే క్లౌడ్‌లో పెట్టండి, నెలకి అయ్యేది మీ టీ ఖర్చు కంటే తక్కువే ఉండొచ్చు. సెప్టెంబర్ చివర్లో ఒకసారి ఆ కాపీ నుంచి మొత్తం తిరిగి నిలబెట్టి చూడండి. తీయడమే కానీ తెరిచి చూడని బ్యాకప్‌లు నేను చాలా చూశాను, సగం ఖాళీ ఫైళ్లే.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టానంటాడు. మేడ మీద గదిలో ఇంకో ఇద్దరు కుర్రాళ్లు, అంతే. పగలు పడుకుంటాడు, రాత్రి రెండింటిదాకా ఇంగ్లీషులో మాట్లాడతాడు. జీతం ఎంత అంటే నీళ్లు నములుతాడు. ఇరవై తొమ్మిదేళ్లు, సంబంధాలు వచ్చినవి వచ్చినట్టే వెళ్లిపోతున్నాయి. ఇది నిజంగా ఉద్యోగమేనా?
- ఒక తల్లి, చీపురుపల్లి

జవాబు: ఉద్యోగం కాదమ్మా, వ్యాపారం. రాత్రి మాట్లాడుతున్నాడంటే క్లయింటు అమెరికాలో ఉన్నారన్నమాట, వాళ్లకప్పుడు పగలు. కంగారు పడాల్సింది దానికి కాదు, జీతం చెప్పలేకపోతున్నాడే, దానికి. దాచిపెడుతున్నాడని కాదు, అతనికే తెలిసి ఉండదు. మా చిన్న కంపెనీల్లో కుర్రాళ్లకి జీతాలిచ్చి, అద్దె కట్టి, మిగిలితే తీసుకోవడం, లేకపోతే ఊరుకోవడం అలవాటు. ఈ పేజీ అబ్బాయికి చూపించండి: బాబూ, ప్రతి నెలా ఒకటో తారీఖున కంపెనీ ఖాతా నుంచి నీ ఖాతాకి ఒకే మొత్తం వేసుకో, చిన్నదైనా పర్వాలేదు, అది కూడా ఇవ్వలేని నెలలు వరసగా వస్తుంటే ధరలు పెంచు లేదా పని మార్చు. ఆదాయపన్ను రిటర్నులు మానకుండా దాఖలు చెయ్యి, రేపు ఇంటి లోనుకి బ్యాంకువాళ్లు అడిగేవి అవే.

సంబంధాల వాళ్లతో మీరు "సాఫ్ట్‌వేర్" అని మొదలుపెట్టకండమ్మా. ఆ మాట వినగానే ఏ కంపెనీ, ప్యాకేజీ ఎంత, అమెరికా ఎప్పుడు అంటారు. "సొంత వ్యాపారం, ఇద్దరికి జీతాలిస్తున్నాడు, పన్ను కడుతున్నాడు" అనండి, అడిగితే రిటర్నులు చూపించండి. గదిలో వైర్లు మాత్రం వాళ్లు రాకముందే సర్దించండి.