అటానమస్ కాలేజీ డిగ్రీ చెల్లుతుందా?

మీ అమ్మాయికి భీమవరం దగ్గర అటానమస్ కాలేజీలో, అంటే సిలబస్, పరీక్షలు తనే చూసుకునే కాలేజీలో, బీఎస్సీ సీటొచ్చింది, ఆ డిగ్రీ చెల్లుతుందా, లేక మామూలు కాలేజీలో చేర్చాలా అని కదండీ అడిగారు. చెల్లుతుంది. పట్టా ఇచ్చేది యూనివర్సిటీయే, మనకైతే రాజమండ్రి నన్నయ యూనివర్సిటీ. దాని మీద కాలేజీ పేరు కూడా వేస్తారు, అంతే. ఆ టెన్షన్ వదిలేయండి. చూసుకోవాల్సింది వేరే ఉంది.

నేను అలాంటి కాలేజీలోనే జువాలజీ చెప్పి రిటైరయ్యాను. 2006లో నన్నయ వచ్చేదాకా మాది ఆంధ్రా యూనివర్సిటీ. శ్రీకాకుళం నుంచి కొల్లేరు దాకా ఒకటే సిలబస్. కిటికీలోంచి చూస్తే రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతుండేవి, లోపల నేను బోర్డు మీద వానపాము పేగులు గీస్తుండేవాణ్ణి. (వానపాము మీద నాకేం కోపం లేదు.) "సార్, తెల్లారేసరికి మా చెరువులో రొయ్యలు పైకి తేలిపోతున్నాయి, ఎందుకండీ?" అని రైతుబిడ్డ అడిగితే క్లాసయ్యాక చెప్తాననేవాణ్ణి. పరీక్షలో రాదు కదా మరి.

అటానమస్ అయ్యాక సిలబస్ మా చేతికొచ్చింది. సిలబస్ ఖరారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో యూనివర్సిటీ పంపిన ప్రొఫెసరు, బయటి లెక్చరర్లు, పాత విద్యార్థి ఒకరు కూర్చుంటారు. వాళ్ళని ఒప్పించి ఆక్వా పేపరు పెట్టాం. ప్రాక్టికల్ చెరువు గట్టు మీదే. సాయంత్రం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి నీళ్ళు పట్టి ఆక్సిజన్ కొలిపించేవాణ్ణి. వెలుతురున్నంతసేపూ ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే కంటికి కనపడని నాచు, ఆక్సిజన్ తయారుచేస్తుంది, చీకటి పడ్డాక అదే తీసుకుంటుంది. అందుకే తెల్లారేముందు నీళ్ళలో కరిగున్న ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ రెండు అంకెలు పక్కపక్కన రాసుకున్నాక ఎవరికీ మళ్ళీ చెప్పాల్సిన పనిలేకపోయింది.

రెండో సంగతి చెప్పడానికి సిగ్గుగానే ఉంది. పాఠం చెప్పేదీ, పేపరు ఎలా ఉండాలో చూసుకునేదీ, మార్కులేసేదీ అంతా మా గుమ్మంలోనే. "పాస్ పర్సంటేజీ తగ్గితే అడ్మిషన్లు పడిపోతాయి మాస్టారూ" అని మేనేజ్‌మెంట్ అనేది. ఇంటర్నల్స్‌లో నలభైకి ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడు పడిపోయేవి. నేనూ వేశాను. మా దగ్గర డిస్టింక్షన్ తెచ్చుకున్న కుర్రాడు పీజీ ఎంట్రన్స్‌లో ఎక్కడో ఆగిపోయి, ఆ తర్వాత బజారులో కనపడితే నేనే పక్కకి తప్పుకున్నాను.

మామూలు కాలేజీలు కూడా ఎల్లకాలం ఇలాగే ఉండవు. 2020 జాతీయ విద్యా విధానం అఫిలియేషన్ పద్ధతిని, అంటే కాలేజీలు యూనివర్సిటీ కింద నడిచే పద్ధతిని, పదిహేనేళ్ళలో క్రమంగా తీసేయాలంది. కాబట్టి బోర్డు మీద అటానమస్ అని ఉందా లేదా అన్నది కాకుండా, మూడేళ్ళ ప్రశ్నపత్రాలు తెప్పించుకుని చూడండి. ప్రశ్నలు అటూఇటూ మార్చి ఏటా అవే అడుగుతుంటే మామూలు కాలేజీయే నయం. అటానమస్ హోదా గడువుంటుంది, ఏ ఏడాది వరకూ ఉందో అడగండి. పేపర్లు ఆఫీసులో ఇవ్వకపోతే హాస్టల్లో సీనియర్లని అడగండి, మంచాల కింద దొరుకుతాయి.