కొత్త బ్రేక్ ప్యాడ్లు కొనే ముందు పాతవి ఒకసారి చూడు

అమ్మడూ,

నీ మెసేజ్ రాత్రే చూశాను, ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదని ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ముందు చక్రాల దగ్గర కీచుమంటోంది, ప్యాడ్లు మార్చాలంటున్నారు, ఆన్‌లైన్లో చూస్తే పాతిక రకాలు కనిపిస్తున్నాయి, ఏది కొనాలి మావయ్యా అని అడిగావు. చెప్తాను, కానీ కొనడానికి తొందరపడకు, ముందు చక్రాలు విప్పించి పాత ప్యాడ్లు బయటికి తీయించి నీ కళ్ళతో చూడు. నలభై ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను, బ్రేకుల దగ్గర నేను చూసిన తప్పులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి, పాతది ఎందుకలా అరిగిందో చూడకుండా కొత్తది తెచ్చి బిగించేస్తారు, ఆర్నెల్లు తిరక్కుండా మళ్ళీ అదే గోల, అప్పుడు ప్యాడ్ మంచిది కాదని ఇంకో ఖరీదైనది తెస్తారు.

ముందు ఆ కీచు సంగతి తేల్చుకో. చాలా ప్యాడ్లకి ఓ చిన్న ఇనప రేకు తగిలించి ఉంటుంది, ప్యాడ్ అరిగి పల్చబడేసరికి ఆ రేకు డిస్కుకి, అంటే చక్రంతో పాటు తిరుగుతూ ప్యాడ్లు నొక్కిపట్టి ఆపే ఇనప బిళ్ళకి, తగిలి అరుస్తుంది, మార్చమని చెప్పడానికే దాన్ని అక్కడ పెడతారు. బండి కదులుతున్నప్పుడు సన్నగా కూతలా వినిపిస్తోందంటే ఎక్కువగా అదే. రాత్రి తడికి డిస్కు మీద తుప్పు చేరి, పొద్దున్నే రెండు మూడు బ్రేకులు కొట్టగానే పోయే శబ్దమైతే కంగారు పడక్కర్లేదు. కానీ గరగరమని ఇనుము మీద ఇనుము గీసినట్టు వస్తే మాత్రం లైనింగ్, అంటే ప్యాడ్ మీద రాపిడికి అరిగే పదార్థం, మొత్తం అయిపోయి వెనకున్న ప్లేటే డిస్కుని తినేస్తోందన్నమాట, ఆ బండి ఇంక నడపకు, మెకానిక్‌నే ఇంటికి పిలిపించు. కొత్త ప్యాడ్ మీద లైనింగ్ మామూలుగా 10, 12 మిల్లీమీటర్లు ఉంటుంది, 3 మిల్లీమీటర్లకి దిగిందంటే మార్చేయాల్సిందే. ప్లేటు మందం కలపకుండా లైనింగ్ ఒక్కటే కొలవాలి, ఇది చాలామంది మర్చిపోతారు, ప్లేటుతో కలిపి చూసి ఇంకా బోలెడుందిలే అనుకుంటారు.

ఇప్పుడు పాత ప్యాడ్ల సంగతి. ముందు చక్రాలకి నాలుగుంటాయి, ఒక్కో చక్రానికి లోపలిదొకటి బయటిదొకటి. ఓ పేపర్ పరిచి, ఏది ఎటువైపుదో పెన్నుతో రాసి, నాలుగూ పక్కపక్కన పెట్టించు. నాలుగూ దాదాపు ఒకేలా అరిగుంటే సంతోషం, నీకు కొత్తవి ఎంచుకోవడం ఒక్కటే పని. ఒకే చక్రంలో లోపలిది అట్టముక్కలా అయిపోయి బయటిది ఇంకా బొద్దుగా ఉంటే ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ సరిగ్గా జరగట్లేదు, అది అటూ ఇటూ జారడానికి ఉండే స్లైడ్ పిన్నులు పట్టేసి ఉంటాయి. ఒక చివర పల్చగా ఇంకో చివర మందంగా ఏటవాలుగా అరిగితే ప్యాడ్ దాని గాడిలో ఇరుక్కుందో, రెండు పిన్నుల్లో ఒకటి కదలట్లేదో చూడాలి. పైన అద్దంలా మెరుస్తూ గట్టిపడిపోయి ఉంటే బాగా వేడెక్కి కాలిందని. నూనె అంటినట్టు తడిగా ఉంటే ఎక్కడో సీలు కారుతోంది, ముందు ఆ లీకు ఆపాలి, ఆ ప్యాడ్‌ని పెట్రోల్తో కడిగి గీకి మళ్ళీ పెడతాం అంటే ఒప్పుకోకు, లోపలికి ఇంకిపోయిన నూనె పైపైన కడిగితే పోదు.

ఒకాయన ఉండేవాడు, ఏడాదిలో మూడోసారి ప్యాడ్లు మార్చమని నా దగ్గరికి వచ్చాడు, ప్రతిసారీ ముందుదానికంటే ఖరీదైనవి కొన్నాడట. ఎడమ చక్రం విప్పితే లోపలి ప్యాడ్ ప్లేటు దాకా వచ్చేసింది, బయటిది సగం కూడా అరగలేదు. కింది స్లైడ్ పిన్ను చేత్తో లాగితే రాలేదు, పానాతో తిప్పుతూ తిప్పుతూ లాగితే ఎర్రటి తుప్పు పొడి రాలుతూ బయటికొచ్చింది, దాని మీది రబ్బరు తొడుగు చిరిగిపోయి నీళ్ళన్నీ లోపలికెళ్ళాయి. పిన్ను కొత్తది వేసి, తొడుగు మార్చి, బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు రాసి మామూలు ప్యాడ్లే పెట్టాను. మళ్ళీ ఆయన ప్యాడ్ల కోసం రావడానికి మూడేళ్ళు పట్టింది. అక్కడ మామూలు గ్రీజు రాయకూడదు అమ్మడూ, పెట్రోలియం గ్రీజుకి ఆ రబ్బరు ఉబ్బిపోయి పిన్ను మళ్ళీ పట్టేస్తుంది, ఎవరు చేసినా నువ్వు దగ్గరుండి అడుగు ఏ గ్రీజు రాస్తున్నారు అని.

డిస్కుని కూడా వదలకు. అంచు మీద వేలు పెట్టి చూస్తే గట్టులా తగులుతుంది, ఆ గట్టు ఎంత ఎత్తుంటే డిస్కు అంత అరిగిందన్నమాట. దాని మీదో అంచు మీదో కనీస మందం ఎంతో మిల్లీమీటర్లలో పోత పోసి ఉంటుంది, మందం కొలిచే మైక్రోమీటర్ పెట్టి చూస్తే అంతకంటే తక్కువ వచ్చిందంటే డిస్కు మార్చాల్సిందే, దానికి ఎంత మంచి ప్యాడ్ పెట్టినా లాభం లేదు. బ్రేక్ కొట్టినప్పుడు స్టీరింగ్ వణుకుతోందా అని కూడా గమనించు, వణుకుతుంటే డిస్కు మీదే అనుమానపడాలి.

ఇక ఏ రకం అన్న మాట. లైనింగ్‌ని బట్టి ముఖ్యంగా మూడు రకాలు. ఆర్గానిక్ అంటే రకరకాల నార, రబ్బరు, జిగురు లాంటివి కలిపి చేసినది, మెత్తగా పడుతుంది, శబ్దం తక్కువ, డిస్కుని పాడు చెయ్యదు, కానీ తొందరగా అరుగుతుంది, బాగా వేడెక్కితే పట్టు జారుతుంది. సెమీ మెటాలిక్‌లో ఇనుము, ఉక్కు పీచు లాంటివి ఎక్కువ కలుపుతారు, వేడి బాగా తట్టుకుంటుంది, బరువు మోసే బండికి, కొండ దిగే బండికి ఇదే నమ్మకం, కాకపోతే శబ్దం, నల్లటి దుమ్ము, డిస్కు అరుగుదల ఎక్కువ. సిరామిక్ శబ్దం చెయ్యదు, దుమ్ము లేత రంగులో ఉండి చక్రాలకి అంతగా కనపడదు, ఎక్కువ కాలం వస్తుంది, ధర కూడా ఎక్కువే. సిరామిక్ అనగానే అదేదో అన్నిటికంటే బలమైనదని జనం అనుకుంటారు, అది నిజం కాదు, రోజూ ఆఫీసుకెళ్ళొచ్చే కారుకి అది హాయిగా ఉంటుంది కానీ బరువు లాగే బండికి నేను సెమీ మెటాలిక్కే వేస్తాను. నీ కారుకైతే కంపెనీ వాళ్ళు తయారయ్యేటప్పుడు ఏ రకం వేశారో కనుక్కో, అదే రకంలో మంచిది తీసుకో, నా సలహా ఇంతే. ఆ బండి బరువు, డిస్కు సైజు, పెడల్ నొక్కుడు, చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్, అన్నీ ఆ పట్టుకి సరిపడేలా కుదిర్చి ఉంటారు.

రేసింగ్ ప్యాడ్లు అని కొన్ని కనిపిస్తాయి, మీ తమ్ముడు కచ్చితంగా అవే కొనమంటాడు, వద్దని చెప్పు. అవి బాగా వేడెక్కితేనే పట్టు చూపిస్తాయి, పొద్దున్నే చల్లటి బండి తీసి గేటు దాటగానే ఎవరో పిల్లాడు అడ్డమొస్తే ఆ చల్లటి ప్యాడ్ సరిగ్గా పట్టదు. రోడ్డు మీద తిరిగే బండికి మొదటి బ్రేకే ముఖ్యం.

ప్యాడ్ అంచు మీద కొన్నింటికి ఓ కోడ్ ముద్ర ఉంటుంది, చివర్లో రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఎఫ్ఎఫ్ అనో జీజీ అనో ఎఫ్ఈ అనో. అది రాపిడి పట్టు ఎంతో చెప్పే లెక్క, మొదటి అక్షరం మామూలు వేడిలో, రెండోది బాగా వేడెక్కాక. ఈ (E) అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఎఫ్ఈ అని ఉంటే వేడెక్కాక పట్టు తగ్గుతుందన్నమాట. అలాగని జీజీ ఉన్నదే మేలు అనుకోకు, అది ఎంతకాలం వస్తుందో, శబ్దం చేస్తుందో లేదో ఆ అక్షరాలు చెప్పవు. ఇంకా ముఖ్యమైంది, ముందు ప్యాడ్లకీ వెనక వాటికీ పొంతన ఉండాలి, బ్రేక్ కొట్టినప్పుడు బరువంతా ముందుకి ఒరుగుతుంది కాబట్టి ముందు చక్రాలే ఎక్కువ పని చెయ్యాలి, వెనకవి ముందువాటికంటే గట్టిగా పట్టాయంటే వెనక చక్రాలు లాక్ అయ్యి బండి అడ్డం తిరుగుతుంది. పెట్టె మీద సున్నాలో ఇంగ్లీషు E అక్షరం, పక్కన ఓ అంకె, 90ఆర్ అని మొదలయ్యే నంబరు కనిపిస్తే అది యూరప్ నియమం ప్రకారం పరీక్ష నెగ్గినది, కారు ప్యాడ్లకైతే పనితనం ఒరిజినల్‌కి 15 శాతం తేడా లోపలే ఉండాలి. నేనైతే ఊరూ పేరూ లేని చవక ప్యాడ్ కంటే ఈ గుర్తున్నదే కొంటాను.

దొంగ సరుకు గురించి ఒక్కమాట చెప్పాలి, ఎందుకంటే ఓసారి నేనే మోసపోయాను. పెట్టె చూస్తే అచ్చం అసలుదే, ధర కొంచెం తక్కువ, తెలిసినాయనే కదా అని తీసుకుని ఒక కస్టమర్ బండికి వేశాను. రెండు నెలలకి బండి తిరిగొచ్చింది, ఒక ప్యాడ్ లైనింగ్ ప్లేటు నుంచి ఊడి మధ్యలో నిలువునా పగిలింది, ఊడిన చోట జిగురు అక్కడక్కడా చుక్కల్లా తప్ప అంతా నున్నగా తుప్పు పట్టి ఉంది. ఆ రోజు ఆ బండిలో ఇద్దరు చిన్నపిల్లలున్నారు, ఏమీ కాలేదు కానీ ఇన్నేళ్ళయినా అది తల్చుకుంటే నాకు చెయ్యి వణుకుతుంది. అందుకే పెట్టె మీది అక్షరాలు చెదిరాయా, స్పెల్లింగ్ తప్పులున్నాయా, పెట్టె మీది నంబరూ ప్లేటు వెనక కొట్టిన నంబరూ ఒకటేనా, ప్లేటు అంచులు గరుకుగా బరబర ఉన్నాయా, లైనింగ్ ప్లేటు కలిసే గీత దగ్గర సందు ఉందా అని బిగించక ముందే తిప్పి తిప్పి చూడు. జీవితాంతం గ్యారంటీ అన్న ముక్క చూసి పడిపోకు, ఎక్కువగా ఆ గ్యారంటీ ప్యాడ్‌కే, విప్పి బిగించే కూలీకీ అది తినేసిన డిస్కుకీ కాదు.

మీ నాన్న బైక్ గురించి కూడా అడిగావు కదా. బైకులకి సింటర్డ్ అని ఇంకో రకం ఉంటుంది, లోహపు పొడిని వేడి చేసి ఒత్తి చేస్తారు, వానలో కూడా బాగా పడుతుంది, కానీ డిస్కు దానికి తగ్గది కాకపోతే డిస్కుని త్వరగా తినేస్తుంది, బైక్ మాన్యువల్లో ఏది రాస్తే అదే వెయ్యమను. సైకిల్ డిస్కుల మీద కొన్నింటికి రెజిన్ ప్యాడ్లు (ఆర్గానిక్ రకం) మాత్రమే అని రాసే ఉంటుంది, అక్కడ లోహపువి పెట్టకూడదు. ఎలక్ట్రిక్ కారైతే కథ వేరు, మోటారే బండిని చాలావరకు ఆపేస్తుంది కాబట్టి ప్యాడ్లు అరగవు సరికదా వాడక లేక తుప్పు పట్టి ఇరుక్కుంటాయి, వాటికి ఏడాదికోసారి విప్పి శుభ్రం చెయ్యడమే ముఖ్యం.

బిగించేటప్పుడు నువ్వు అక్కడే ఉండు. ఒక చక్రానికే మార్చడం అనేది వద్దు, ఎడమా కుడీ కలిపే మార్చాలి, లేకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది. ప్యాడ్ జారే చోట ఉండే స్టీల్ క్లిప్పులు కొత్తవి వేయించు, చాలా సెట్లతో పాటే వస్తాయి, కొందరు వాటిని పక్కన పడేసి పాతవే పెడతారు. గ్రీజు ఒక్క చుక్క కూడా లైనింగ్ మీద పడకూడదు. చేరిన దుమ్ముని గాలితో ఊదనివ్వకు, స్ప్రే క్లీనర్తో తడిపి తుడవాలి, పాత రోజుల్లో ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఇప్పటి దుమ్ము కూడా పీల్చదగ్గది కాదు. క్యాలిపర్లో ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ని వెనక్కి నొక్కేటప్పుడు పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ పొంగుతుంది, పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. వెనక చక్రాలకి ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ ఉంటే దాన్ని ముందు సర్వీస్ మోడ్‌లో, అంటే రిపేరు కోసం వదులు చేసే స్థితిలో, పెట్టాకే పిస్టన్ ముట్టుకోవాలి.

అన్నీ బిగించాక బండి కదపక ముందు బ్రేక్ పెడల్ పంపు కొట్టినట్టు పదిసార్లు తొక్కి గట్టిపడిందని చూసుకోవాలి. నేను పనిలో చేరిన కొత్తలో ఇది మర్చిపోయి ఇంజన్ స్టార్ట్ చేసి బండి వెనక్కి తీశాను, పెడల్ నేల దాకా వెళ్ళిపోయింది, బండి ఆగలేదు, వెనక గోడకి తగిలి ఆగింది. ఆ క్షణంలో గోడ బదులు మా మేస్త్రీ నిలబడి ఉంటే అన్న ఆలోచన నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అప్పటినుంచి తాళం చెవి తిప్పే ముందు కాలు పెడల్ మీదే ఉంటుంది.

కొత్త ప్యాడ్ వెంటనే పూర్తిగా పట్టదు, డిస్కు మీద దాని పొర పడాలి. ఖాళీ రోడ్డు చూసుకుని గంటకి 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా మెల్లగా ఒత్తి తగ్గించు, పూర్తిగా ఆపకు, కాస్త దూరం నడిపి మళ్ళీ చెయ్యి, ఇలా ఓ ఇరవై ముప్పై సార్లు. వేడిగా ఉన్నప్పుడు పెడల్ నొక్కిపట్టి ఆపి ఉంచకు, అక్కడే పొర అతుక్కుని తర్వాత వణుకు మొదలవుతుంది. కొద్దిగా కాలిన వాసన రావచ్చు, పొగ వస్తే మాత్రం ఆపి చల్లారనివ్వు. మొదటి మూడొందల కిలోమీటర్లు తప్పనిసరైతే తప్ప గట్టి బ్రేక్ కొట్టకు, ముందున్న బండికి ఇంకాస్త దూరంగా నడుపు.

ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో అడుగు, అది గాల్లోని తేమని పీల్చుకుంటుంది, డాట్ 4 అనే గ్రేడు ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరక్కుండా తట్టుకోవాలని నియమం, నీరు చేరిన దానికి ఆ లెక్క 155 డిగ్రీలే, కొండ దిగేటప్పుడు పెడల్ మెత్తబడిపోవడానికి ఇదొక కారణం, రెండేళ్ళు దాటితే మార్పించెయ్.

శనివారం చక్రాలు విప్పిస్తానన్నావు కదా, నాలుగు ప్యాడ్లూ పక్కపక్కన పెట్టి పైనుంచి ఒకటి, అంచు కనపడేలా పక్కనుంచి ఒకటి ఫోటో తీసి పంపు, పిన్నులు చేత్తో లాగితే వస్తున్నాయో లేదో కూడా రాయి, అవి చూశాకే ఏ ప్యాడ్ ఆర్డర్ పెట్టాలో చెప్తాను.

మీ మావయ్య