పాసివ్ వాయిస్‌కి భయపడుతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఇంగ్లీషు కథ చదివాను. పాసివ్ వాడితే రచన చప్పబడిపోతుందని ఎవరో నిన్ను బాగా భయపెట్టినట్టున్నారు, కథ మొత్తం వెతికినా ఒక్కటి కనపడలేదు. గొలుసు పోయిన సీన్లో కూడా "సమ్‌వన్ స్టోల్ హర్ చైన్" అనే రాశావు. ఆ సమ్‌వన్ ఎవడో ఆవిడకీ తెలీదు, మనకీ అక్కర్లేదు, మరి వాక్యం మొదట్లో వాడికి కుర్చీ ఎందుకు? "హర్ చైన్ వాజ్ స్టోలెన్" అని పాసివ్‌లో అను, చూపు గొలుసు మీదే ఉంటుంది.

తెలుగులో అయితే "గొలుసు లాక్కెళ్ళారు" అని ఊరుకుంటాం, ఎవరన్నది చెప్పం, వాక్యం హాయిగా నడుస్తుంది. ఇంగ్లీషు మామూలుగా కర్త స్థానం ఖాళీగా ఉంచదు, కాబట్టి అక్కడ కర్మను తెచ్చి కూర్చోబెడతారు. (అలాగని తెలుగు కథలో "గొలుసు దొంగిలించబడింది" అని రాసేవు, చంపుతాను.)

బళ్ళో "రామా కిల్డ్ రావణా"ని "రావణా వాజ్ కిల్డ్ బై రామా" అని తిప్పి రెండు మార్కులు తెచ్చుకున్నాం గానీ, ఎప్పుడు ఏది రాయాలో ఎవరూ చెప్పలేదు. ముందు పేరా అంతా లంకలో మండోదరి దగ్గర నడిచిందనుకో, తర్వాత వాక్యం రావణుడితో మొదలైతేనే అతుకు కనపడదు. అదే పేరా రాముడి వెంట నడిస్తే మొదటిదే సరి.

కట్టడం తేలికే. బీ క్రియ ఒకటి, దాని వెనక పాస్ట్ పార్టిసిపుల్, అంటే బళ్ళో చెప్పిన క్రియ మూడో రూపం. ఈజ్ రిటెన్, వాజ్ రిటెన్, ఈజ్ బీయింగ్ రిటెన్, హాజ్ బీన్ రిటెన్, విల్ బీ రిటెన్... కాలం మారినా రిటెన్ కదలదు.

మనవాళ్ళు ఎక్కువగా జారేది వేరే చోట: "యాన్ యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్". ఆఫీసు మెయిళ్ళలో కూడా చూస్తుంటాను. క్రియని పట్టుకుని "దేన్ని?", "ఎవర్ని?" అని అడుగు, జవాబు రాకపోతే దానికి పాసివ్ లేదు. హ్యాపెన్, డై, అరైవ్ అన్నీ ఆ బాపతే. హావ్ (ఉండటం), లాక్ (లేకపోవడం) లాంటివి జవాబిచ్చినా మామూలుగా ఒప్పుకోవు, అవి వాడుకలో తెలిసిపోతాయి.

పాసివ్‌తో తప్పించుకునేవాళ్ళూ ఉన్నారు. ఇరాన్‌కి ఆయుధాలమ్మిన గొడవ మీద 1987లో అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ అక్కడి కాంగ్రెస్ (పార్లమెంటు) ముందు నిలబడి "సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్" అన్నాడు. తప్పులు జరిగాయట, ఎవరు చేశారో ఆ వాక్యంలో లేదు. వ్యాసంలో నువ్విలా రాస్తే ఒప్పుకోను గానీ, పాత్ర నోట్లో మాత్రం ఇది బంగారం. నీ కథలో మేనేజరు "ఐ కట్ యువర్ శాలరీ" అంటున్నాడు. ఏ మేనేజరు అలా అంటాడ్రా? "యువర్ శాలరీ హాజ్ బీన్ రివైజ్డ్" అనిపించు, ఆ తర్వాత నువ్వు రాసిన "హీ స్పోక్ లైక్ ఎ కవర్డ్" (పిరికివాడిలా మాట్లాడాడు) అన్న వాక్యం కొట్టెయ్యి.